గింజ తీసే మెషిన్ వచ్చాక బానిసలు తగ్గాలి కదా, ఎందుకు పెరిగారు?

నల్లరేగడి
శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. మాది ఆదిలాబాద్ దగ్గర పల్లె, పత్తి చేను ఉంది. మా అమ్మాయి నిన్న రాత్రి పాఠం చదువుకుంటూ ఒక ప్రశ్న అడిగింది. నాకు జవాబు తెలియలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా.

1793లో అమెరికాలో ఎలీ విట్నీ అనే ఆయన పత్తిలోంచి గింజ తీసే యంత్రం చేశాడు. అంతకుముందు ఆ పని చేత్తో చేసేవాళ్లు. మెషిన్ వస్తే కూలీల అవసరం తగ్గాలి కదా! మా దగ్గర కలుపు మందు వచ్చాక కలుపు కూలీలు తగ్గారు, హార్వెస్టర్ వచ్చాక కోత కూలీలు తగ్గారు. అక్కడ మాత్రం 1790 లెక్కల్లో సుమారు 7 లక్షల మంది బానిసలు ఉంటే 1860 నాటికి దాదాపు 40 లక్షలయ్యారు. "నాన్నా, మెషిన్ వచ్చాక ఇంకా ఎక్కువ మంది ఎందుకు కావాల్సొచ్చారు?" అంది. ఏటా జిన్నింగ్ మిల్లుకి పత్తి పంపేవాణ్ణి, నేను చెప్పలేకపోయాను. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి, ఆమెకి చదివి వినిపిస్తా.


పడుగుపేక
శనివారం, రాత్రి 10:02

మంచి ప్రశ్న బాబూ. ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పాను, ఈ ప్రశ్న అడిగిన పిల్లలు నాకు ఇద్దరో ముగ్గురో దొరికారు. మీ అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పండి.

ముందు పత్తి సంగతి. అప్పట్లో అమెరికాలో రెండు రకాలు ఉండేవి. ఒకటి పొడుగు పింజ, అంటే దూది పోగు పొడుగు. జార్జియా, సౌత్ కరోలినా తీరంలోని దీవుల్లో, ఆ ఉప్పుగాలి తగిలేచోటే పండేది. దాని గింజ నున్నగా ఉంటుంది, రెండు రోలర్ల మధ్య నొక్కితే దూది అటు, గింజ ఇటు పడిపోతుంది. అలాంటి జంట రోలర్ల పనిముట్టు మన దేశంలో అంతకు చాలా ముందునుంచే ఉంది. రెండోది పొట్టి పింజ. లోపలి నేలల్లో ఎక్కడైనా పండుతుంది, కానీ ఆకుపచ్చని గింజకి దూది అతుక్కుని వదలదు. ఒక మనిషి పొద్దస్తమానం కూర్చుని చేత్తో ఒలిస్తే ఒక పౌను, అంటే అర కిలో కంటే తక్కువ శుభ్రమైన దూది వచ్చేది. ఆ కూలికి అది ఎవరికీ గిట్టదు.

విట్నీ యంత్రంలో తీగ పళ్లున్న ఒక డ్రమ్ము తిరుగుతుంది. ఆ పళ్లు సన్నటి సందుల్లోంచి దూదిని లాక్కుంటాయి, సందు ఇరుకు కాబట్టి గింజ ఇవతలే ఉండిపోతుంది, వెనక బ్రష్షు దూదిని దులిపేస్తుంది. రోజుకి 50 పౌన్లు. 1794 మార్చిలో పేటెంటు వచ్చింది.

ఇప్పుడు మీ అమ్మాయి ప్రశ్న. మెషిన్ గింజ తీసింది, పత్తి ఏరలేదు. చేను దున్నడం, విత్తడం, కలుపు తీయడం, కాయ పగిలాక ఒక్కొక్కటీ ఏరడం, అన్నీ మనిషి చేతులతోనే. గింజ దగ్గర అడ్డు తొలగేసరికి అంతవరకూ లాభం లేని నేలంతా లాభం వచ్చే నేల అయింది. జార్జియా నుంచి అలబామా, మిసిసిపీ, లూసియానా, టెక్సాస్ దాకా పత్తి పాకింది. 1790లో కొన్ని వేల బేళ్లు పండిన దేశం 1860 నాటికి దాదాపు 40 లక్షల బేళ్లు పండించింది. కొనడానికి ఇంగ్లండులో మిల్లులు నోరు తెరుచుకుని ఉన్నాయి. హార్‌గ్రీవ్స్ జెన్నీ, ఆర్క్‌రైట్ వాటర్ ఫ్రేమ్, క్రాంప్టన్ మ్యూల్ అనే నూలు వడికే యంత్రాలు 1760ల నుంచి 1780లోపు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. నూలు వడకడం వేగమైంది, దూది చాలలేదు.

హార్వెస్టర్‌తో పోలిక ఎక్కడ తప్పుతుందంటే, మీ ఊళ్లో హార్వెస్టర్ వచ్చినంత మాత్రాన వరి వేసే నేల వంద రెట్లు కాలేదు. అక్కడ అయింది.


నల్లరేగడి
శనివారం, రాత్రి 10:25

మాస్టారూ, అర్థమైంది. మా దగ్గర కూడా అంతే, క్వింటాల్ పత్తికి 33, 34 కిలోల దూది తీయడం మిల్లుకి నిమిషాల పని. ఏరడానికే మనుషులు దొరకరు. దీపావళి ముందు కూలీల కోసం నాలుగు ఊళ్లు తిరుగుతాం.

కానీ అన్ని లక్షల మంది ఎక్కణ్ణుంచి వచ్చారు? ఆఫ్రికా నుంచి తేవడం 1808లో ఆపేశారని పుస్తకంలోనే ఉంది.


మిసిసిపీ ఒడ్డు
ఆదివారం, ఉదయం 6:48

అన్నా, నేను బేటన్ రూజ్‌లో ఉంటాను, లూసియానా. దీనికి జవాబు మా ఇంటికి గంటన్నర దూరంలో ఉంది.

బయటినుంచి తేవడం 1808 జనవరి 1 నుంచి నిషేధం. దేశం లోపల అమ్ముకోవడం మీద నిషేధం లేదు. వర్జీనియా, మేరీలాండ్ వైపు పొగాకు నేలలు అప్పటికే సారం తగ్గాయి, అక్కడి యజమానుల చేతిలో "మిగులు" మనుషులు ఉన్నారు. ఆ మాట వాళ్లదే, రాస్తుంటేనే చెయ్యి ఆగుతోంది. దక్షిణాన పత్తి యజమానులు ఎంతైనా ఇస్తారు. 1790 నుంచి 1860 దాకా సుమారు 10 లక్షల మందిని ఇలా పై రాష్ట్రాల నుంచి కింది రాష్ట్రాలకి తరలించారు. కొందరిని యజమానులే వెంట తెచ్చారు, చాలామందిని వ్యాపారులు కొని తెచ్చారు. మగవాళ్ల చేతులకి సంకెళ్లు వేసి, ఇద్దరిద్దరిగా గొలుసుకి కట్టి, వందల మైళ్లు నడిపించారు. భార్య ఒకచోట, భర్త ఒకచోట, పిల్లలు ఇంకోచోట.

నాచెజ్ అనే ఊళ్లో ఫోర్క్స్ ఆఫ్ ది రోడ్ అనే కూడలి ఉంది. న్యూ ఆర్లీన్స్ తర్వాత ఆ ప్రాంతంలో అతిపెద్ద బానిసల సంత అదే. పోయిన ఏడాది పిల్లల్ని తీసుకుని వెళ్లాను. ఇప్పుడక్కడ పెద్దగా ఏమీ లేదు. గడ్డి, కొన్ని బోర్డులు, సిమెంటులో పాతిన సంకెళ్లు. మా చిన్నాడు వాటి మీద చెయ్యి పెట్టి "ఇవి నా చేతికి సరిపోతాయా?" అన్నాడు. నేను జవాబు చెప్పకుండా వాణ్ణి ఎత్తుకున్నాను.

ఇంకో మాట. ఆ పత్తి నేలలు ఖాళీ నేలలు కావు. చెరోకీ, క్రీక్, చాక్టా, చికసా అనే అక్కడి ఆదివాసులవి. 1830లో చట్టం చేసి వాళ్లని మిసిసిపీ నదికి అవతలికి తోలేశారు. 1838లో మొదలైన చెరోకీల తరలింపులో సుమారు 4 వేల మంది చనిపోయారు. ముందు నేల ఖాళీ చేయించారు, తర్వాత మనుషుల్ని కొని తెచ్చారు. ఈ రెండూ కలిపి చెప్పకపోతే ఆ 40 లక్షల బేళ్ల లెక్క సగమే చెప్పినట్టు.


సూటిగా చెప్తా
ఆదివారం, ఉదయం 9:30

నేను చదివిన దాని ప్రకారం అప్పటి అమెరికా ఎకానమీలో సగం పత్తే. అంటే ఆ దేశం సంపద అంతా బానిసల మీదే కట్టారు. ఇది ఒప్పుకోవడానికి వాళ్లకి ఇష్టం ఉండదు, అంతే.


గణాంకం
ఆదివారం, ఉదయం 10:15

తమ్ముడూ, నీ కోపం న్యాయమే, లెక్క మాత్రం సరిచేసుకో. సగం అనేది ఎగుమతుల్లో. 1860లో అమెరికా ఎగుమతుల విలువలో సగానికి పైగా పత్తి. మొత్తం దేశ ఉత్పత్తిలో పత్తి వాటా 5 శాతం చుట్టుపక్కల. ఒకే సరుకుని పండించేటప్పుడు, అమ్మేటప్పుడు, రవాణా చేసేటప్పుడు మళ్లీ మళ్లీ కలుపుకుంటే ఆ "సగం" వస్తుంది. చాలాచోట్ల అలాగే తిరుగుతోంది.

5 శాతం అంటే చిన్నదనుకోవద్దు. బయటి నుంచి బంగారం, అప్పు, యంత్రాలు తెచ్చిపెట్టిన సరుకు అదే. దక్షిణాది బ్యాంకులు బానిసల్ని తాకట్టు పెట్టుకుని అప్పులిచ్చాయి. జేపీ మోర్గాన్ చేజ్ అనే అమెరికా బ్యాంకు 2005లో ఒప్పుకుంది: తనలో తర్వాత కలిసిపోయిన లూసియానా బ్యాంకులు రెండు సుమారు 13 వేల మంది బానిసల్ని తాకట్టుగా తీసుకున్నాయి, అప్పు తీరక సుమారు 1250 మంది ఆ బ్యాంకుల సొంతమయ్యారు. మనం పొలం కాగితాలు పెడతాం, బంగారం పెడతాం. వాళ్లు మనుషుల్ని పెట్టారు.

ఇంకో వాదన కూడా తెలుసుకో. 1800కీ 1860కీ మధ్య ఒక మనిషి రోజుకి ఏరే పత్తి దాదాపు నాలుగు రెట్లు పెరిగింది. కొరడా వల్ల అని కొందరు చరిత్రకారులు, విత్తనం వల్ల అని కొందరు. మెక్సికో నుంచి వచ్చిన రకంతో కలిపి మిసిసిపీలో పెంచిన విత్తనాల కాయ పెద్దది, చేతికి సులువుగా వస్తుంది. ఆ వాదన ఇంకా నడుస్తోంది. నాకు విత్తనం వైపు లెక్కలు గట్టిగా కనిపిస్తాయి.


మిసిసిపీ ఒడ్డు
ఆదివారం, ఉదయం 11:05

గణాంకం గారూ, విత్తనం మాట నిజమే కావచ్చు. కానీ మంచి విత్తనం వల్ల సులువైన పని ఏరేవాడికి దక్కిందా? దక్కలేదు. కాయ సులువైతే తూకం పెంచారు.

సాలమన్ నార్తప్ అని న్యూయార్క్ రాష్ట్రంలో స్వేచ్ఛగా పుట్టిన నల్లజాతి మనిషి. ఫిడేలు వాయించేవాడు. 1841లో పని ఇప్పిస్తామని వాషింగ్టన్ తీసుకెళ్లి ఎత్తుకుపోయి లూసియానాలో అమ్మేశారు. 12 ఏళ్ల తర్వాత, 1853 జనవరిలో బయటపడ్డాడు. తను చూసింది రాశాడు. రోజుకి మామూలు పని 200 పౌన్లు, అంటే 90 కిలోలు. సాయంత్రం బుట్ట తూకానికి తీసుకెళ్లేటప్పుడు ఎంత అలసిపోయినా భయమే. తగ్గితే దెబ్బలు. ఎక్కువ తూగితే రేపటి నుంచి అదే లెక్క. అందుకే ఎక్కువ ఏరగలిగినవాడు కూడా ఎక్కువ ఏరడానికి భయపడతాడు.

మా అమ్మ గుంటూరు జిల్లాలో పత్తి ఏరేది. కిలోకి ఇంత అని కూలి. తూకం దగ్గర ఒక అర కిలో తక్కువ చూపించారని ఇంటికొచ్చి ఏడ్చిన రోజులు నాకు తెలుసు. మా అమ్మకి ఆ చేనుకి మర్నాడు వెళ్లకుండా ఉండే హక్కుంది. నార్తప్ రాసినది చదువుతుంటే ఆ ఒక్క తేడా ఎంత పెద్దదో తెలిసింది.


సిక్కోలు నూలు
ఆదివారం, మధ్యాహ్నం 12:20

చిన్న మాట చెప్పి పోతాను. మా పొందూరులో ఇప్పటికీ కొందరు ఆడవాళ్లు వాలుగ చేప దవడతో పత్తిని దువ్వుతారు. ఆ పళ్లు ఎంత సన్నగా ఉంటాయంటే దూదిలో నలక కూడా మిగలదు. ఆ తర్వాతే గింజ తీయడం, ఏకడం, వడకడం. చేత్తో చేస్తే ఎంత కాలం పడుతుందో చూడాలంటే ఒక పూట అక్కడ కూర్చోండి. రోజుకి ఒక పౌను అని మాస్టారు రాసింది అప్పుడు అర్థమవుతుంది.


ఓల్డ్‌హామ్ విజయ
ఆదివారం, సాయంత్రం 5:40

నేను మాంచెస్టర్ పక్కన ఓల్డ్‌హామ్‌లో నర్సుని. ఇక్కడి మిల్లులు మూతపడ్డాయి, కొన్ని ఫ్లాట్లు అయ్యాయి. ఎర్ర ఇటుక పొగగొట్టాలు మాత్రం కిటికీలోంచి కనిపిస్తాయి. నా పేషెంట్లలో మిల్లులో పనిచేసిన ముసలమ్మలు ఉండేవాళ్లు. మగ్గాల చప్పుడుకి చెవులు పోయి, పెదాలు చూసి మాట అర్థం చేసుకునేవాళ్లు.

స్టయల్ అనే ఊళ్లో క్వారీ బ్యాంక్ మిల్లు ఉంది. 1784లో శామ్యూల్ గ్రెగ్ పెట్టాడు. దాన్ని ఇప్పుడు మ్యూజియంగా చూపిస్తారు. పక్కనే అప్రెంటిస్ హౌస్ ఉంది. దిక్కులేని పేదల్ని ఉంచే వర్క్‌హౌస్‌ల నుంచి తెచ్చిన తొమ్మిది, పదేళ్ల పిల్లలు అక్కడ పడుకుని రోజుకి పన్నెండు గంటల చొప్పున మిల్లులో పనిచేసేవాళ్లు. తిండి, బట్ట, కాస్త చదువు ఇచ్చేవారు, అందుకే గ్రెగ్‌ని దయగల యజమాని అనేవారు. అదే గ్రెగ్ కుటుంబానికి కరీబియన్‌లోని డొమినికా దీవిలో బానిసలతో నడిచే తోట ఉంది. మిల్లు అరుగు మీద నిలబడి ఆ విషయం చదివినప్పుడు, దయ అనే మాట ఎవరి కోసం వాడతామో అని చాలాసేపు కదల్లేకపోయాను.

బ్రిటన్ 1833లో తన వలసల్లో బానిసత్వం రద్దు చేస్తూ 2 కోట్ల పౌండ్లు పరిహారం ఇచ్చింది. బానిసలకి కాదు, యజమానులకి. అందుకు తెచ్చిన అప్పు తీరడం 2015లో పూర్తయింది. అంటే ఇక్కడ జీతం తీసుకుని పన్ను కట్టిన నేను కూడా అందులో కొంత తీర్చాను. అది తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత కూడా మాంచెస్టర్ అమెరికా బానిసల పత్తి మీదే బతికింది. 1850ల చివర్లో ఇక్కడ వాడే పత్తిలో ముప్పాతిక వంతు అక్కడిదే.


పడుగుపేక
ఆదివారం, సాయంత్రం 6:30

విజయ గారూ, మీరు అక్కడే ఉన్నారు కాబట్టి పత్తి కరువు గురించి మీరే రాయండి. నాకు తెలిసింది పుస్తకాల్లోంచి.


ఓల్డ్‌హామ్ విజయ
ఆదివారం, రాత్రి 8:15

రాస్తాను మాస్టారూ.

1858లో సౌత్ కరోలినా సెనేటర్ జేమ్స్ హామండ్ సభలో లేచి "పత్తే రాజు, పత్తి మీద యుద్ధం చేసే ధైర్యం ఏ శక్తికీ లేదు" అన్నాడు. 1861 ఏప్రిల్‌లో అమెరికాలో ఉత్తరాదికీ దక్షిణాదికీ అంతర్యుద్ధం మొదలైంది, అధ్యక్షుడు లింకన్ దక్షిణాది రేవుల్ని దిగ్బంధం చేశాడు. మొదట్లో మాంచెస్టర్ ఉన్న లాంకషైర్ జిల్లా గోదాముల్లో సరుకు నిండుగానే ఉంది, అంతకుముందు రెండేళ్లు అవసరానికి మించి నేశారు. 1862కి వచ్చేసరికి మిల్లులు ఆగాయి. ఆ ఏడాది చివరికి దాదాపు 5 లక్షల మంది సాయం మీద బతికారు. ఇంట్లో మంచాలు, దుప్పట్లు, పెళ్లి ఉంగరాలు అమ్ముకున్నారు.

1862 డిసెంబర్ 31న మాంచెస్టర్ ఫ్రీ ట్రేడ్ హాల్లో కార్మికులు సభ పెట్టి లింకన్‌కి ఉత్తరం రాశారు. పత్తి లేక ఆకలితో ఉన్నా బానిసత్వం పోవాలనే కోరుకుంటున్నామని. 1863 జనవరి 19న లింకన్ జవాబు రాశాడు, వాళ్లది ఏ దేశంలోనూ ఏ కాలంలోనూ మించరాని త్యాగమని. ఇక్కడి లింకన్ విగ్రహం దిమ్మె మీద ఆ మాటలు చెక్కి ఉన్నాయి. నైట్ డ్యూటీ దిగి ఒక్కోసారి అటు నడుస్తాను.

అందరూ అలాగే ఉన్నారని చెప్పలేను. లివర్‌పూల్ వ్యాపారుల్లో చాలామంది దక్షిణాది వైపే. వాళ్ల యుద్ధనౌక అలబామా కట్టింది నదికి అవతల బర్కెన్‌హెడ్‌లోనే. 1863 మార్చిలో స్టాలీబ్రిడ్జ్‌లో సాయం కోత పెట్టారని ఆకలి అల్లర్లు జరిగాయి. ఆకలితో ఉన్నవాడు రాయి విసిరితే అతణ్ణి తక్కువ చేయలేను. ఉత్తరం రాసినవాళ్ల గొప్పతనం అలాంటి ఆకలిలోంచి వచ్చింది కాబట్టే గొప్పది.

ఈ ముక్క మాత్రం నల్లరేగడి అన్న తప్పకుండా చదవాలి. అమెరికా పత్తి లేక ఇక్కడికి మన పత్తి వచ్చింది, సూరత్ అనేవాళ్లు. పింజ పొట్టి, చెత్త ఎక్కువ, దారం మాటిమాటికీ తెగేది. కూలి నేసిన బట్టని బట్టి కాబట్టి తెగిన ప్రతిసారీ నేతగాడి కూలి తెగేది. "దేవుడా, పత్తి పంపు, సూరత్ మాత్రం వద్దు" అని ప్రార్థన చేశారని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు.


నల్లరేగడి
ఆదివారం, రాత్రి 9:00

అక్కా, మనసంతా అదోలా అయిపోయింది. అప్పుడు వెళ్లిన మన పత్తి ఎక్కడిది? మా వైపుది కూడానా?


పడుగుపేక
ఆదివారం, రాత్రి 9:50

మీ పెన్‌గంగ దాటితే యవత్మాళ్. అది పాత బేరార్. నిజాం చెల్లించాల్సిన సైన్యం ఖర్చు బాకీ కింద 1853లో ఈస్టిండియా కంపెనీ బేరార్‌ని చేతిలోకి తీసుకుంది. మంచి నల్లరేగడి పత్తి నేల. మాంచెస్టర్ మిల్లు యజమానులు 1857లోనే పత్తి సరఫరా కోసం ఒక సంఘం పెట్టుకున్నారు, అమెరికా మీదే ఆధారపడితే ఏదో ఒకనాడు ప్రమాదమని. దాని ఒత్తిడితో రోడ్లు, రైళ్లు, నౌకాశ్రయాలు పత్తి వైపు తిరిగాయి. అంతకుముందే 1840లో కంపెనీ అమెరికా దక్షిణాది నుంచి పత్తి సాగు తెలిసినవాళ్లని పదిమందిని తెచ్చి మన రైతులకి నేర్పించబోయింది. ధార్వాడ్ ప్రాంతంలో తప్ప పెద్దగా సాగలేదు. అక్కడ బానిసల మీద నడిచిన సాగు, ఇక్కడ జొన్న, కంది పక్కన నాలుగు సాళ్లు పత్తి వేసుకునే రైతు. ఎలా కుదురుతుంది!

1862లో బ్రిటన్‌కి వచ్చిన పత్తిలో ముప్పాతిక వంతు మన దేశానిది. ధర నాలుగు రెట్లు దాటింది. బొంబాయిలో పత్తి డబ్బుతో షేర్ల పిచ్చి పట్టింది, సముద్రం పూడ్చే కంపెనీల షేర్లు ఆకాశానికి పోయాయి. 1865 ఏప్రిల్‌లో యుద్ధం ముగిసిందన్న వార్త రాగానే అన్నీ కూలాయి. బొంబాయి వ్యాపారి దివాలా అందరికీ తెలుసు. రైతు సంగతి ఎవరూ అంతగా చెప్పుకోరు. ధర ఉన్నప్పుడు భూమి మీద అప్పిచ్చిన షావుకారు ధర పడ్డాక కోర్టుకి వెళ్లాడు. 1875లో పుణె, అహ్మద్‌నగర్ జిల్లాల్లో రైతులు షావుకార్ల ఇళ్ల మీద పడి అప్పు పత్రాలు తగలబెట్టారు. మనుషుల జోలికి పెద్దగా పోలేదు, పత్రాలు ఇమ్మన్నారు.

కోస్తాలో కూడా ఉంది. ఎర్రఛాయ ఉన్న కృష్ణా, గుంటూరు పత్తిని కాకినాడ రేవు పేరుతో కోకనాడ అని, కర్నూలు, బళ్లారి వైపుది వెస్టర్న్స్ అని పత్తి బజారులో పిలిచేవారు.


చీరాల మగ్గం
సోమవారం, ఉదయం 7:25

ఈ చర్చలో రెండు రోజులుగా చదువుతూనే ఉన్నాను, రాయాలా వద్దా అని ఆలోచిస్తూ. పత్తి కథ అమెరికా నుంచి మొదలుపెట్టారు. మా ఇంట్లో అది ఇంకా ముందే మొదలవుతుంది.

మా తాత రుమాళ్లు నేసేవాడు, గళ్ల రుమాళ్లు. మద్రాస్ రుమాళ్లని బయటి వ్యాపారుల పేరు. మా చిన్నప్పుడు మూటలు కడుతూ "ఇవి ఆఫ్రికా పోతాయి" అనేవాడు. ఆఫ్రికావాళ్లకి మన రుమాలు ఎందుకు, ఎలా తెలుసు అని పెద్దయ్యాక వెతికాను. తెలిసింది మింగుడు పడలేదు.

17, 18 శతాబ్దాల్లో యూరప్ ఓడలు పడమటి ఆఫ్రికా తీరానికి వెళ్లి మనుషుల్ని కొనేవి. అక్కడివాళ్లు నాసిరకం సరుకుకి ఒప్పుకునేవాళ్లు కాదు. తుపాకులు, సారా, ఇత్తడితో పాటు వాళ్లు గట్టిగా అడిగింది మన దేశపు నూలు బట్ట, రంగు పోని బట్ట. కోరమండల్ తీరం నుంచి, గుజరాత్ నుంచి కంపెనీలు కొని లండన్, ఆమ్‌స్టర్‌డామ్ చేర్చేవి. అక్కడ వేలంలో బానిస వ్యాపారులు కొనేవాళ్లు. 1721లో ఇంగ్లండు తన జనం అద్దకం బట్ట కట్టకూడదని చట్టం చేసింది కానీ బయటికి ఎగుమతి చేయడానికి అడ్డు చెప్పలేదు. పుదుచ్చేరిలో నీలిమందు అద్దిన బట్టకి ఫ్రెంచివాళ్లు గినీ అనే పేరే పెట్టారు, అది పోయే ఆఫ్రికా తీరం పేరు. మాంచెస్టర్ మొదట్లో నేసిన గళ్ల బట్ట కూడా ఆ తీరం కోసం మన బట్టని చూసి నేసిన నకలే.

మా రుమాలు అట్లాంటిక్ దాటి కూడా పోయింది. మార్టినిక్, గ్వాడలూప్, సెయింట్ లూసియా ఆడవాళ్లు తలకి కట్టుకునే గళ్ల బట్టని ఇప్పటికీ మద్రాస్ అనే అంటారు. న్యూ ఆర్లీన్స్‌లో 1786లో గవర్నర్ ఒక ఉత్తర్వు ఇచ్చాడు, స్వేచ్ఛ పొందిన నల్లజాతి ఆడవాళ్లు కూడా జుట్టు కనిపించకుండా బట్ట కట్టుకోవాలని, దాసీలని తెలియాలని. వాళ్లు మంచి రంగుల బట్టలు ఏరి, ఎత్తుగా, అందంగా కట్టుకున్నారు. అవమానించడానికి పెట్టిన గుడ్డ వాళ్ల సొగసైంది.


సూటిగా చెప్తా
సోమవారం, ఉదయం 8:40

అన్నా, గౌరవంతోనే అడుగుతున్నా. మన నేతగాళ్లని కూడా ఆ పాపంలో కలుపుతున్నారా? మన నేతగాళ్ల బొటనవేళ్లు నరికినవాళ్లు కదా ఇంగ్లీషువాళ్లు!


చీరాల మగ్గం
సోమవారం, మధ్యాహ్నం 1:10

కలపడం లేదు తమ్ముడూ. మాధవాయపాలెంలో మగ్గం గుంటలో కూర్చున్న మనిషికి ఆ బట్ట ఎక్కడికి పోతుందో తెలిసే దారి లేదు. దళారి బయానా ఇస్తాడు, ఇన్ని గజాలు, ఇన్ని పోగులు అని కొలత చెప్తాడు. కంపెనీ అధికారం వచ్చాక ఆ బయానా తీరేదాకా ఇంకెవరికీ నేయకూడదు. బాధ భరించలేక మగ్గాలు వదిలి ఊళ్లకి ఊళ్లు లేచిపోయిన సందర్భాలున్నాయి. అంతే కాదు, కరువు కాలాల్లో పులికాట్ లాంటి రేవుల నుంచి డచ్చివాళ్లు మన తీరపు మనుషుల్నే కొని బటేవియాకి, అంటే ఇప్పటి జకార్తాకి పట్టుకుపోయారు. ఇది మనకి బయటి కథ కాదు.

బొటనవేళ్ల సంగతి. కంపెనీలో పనిచేసిన విలియం బోల్ట్స్ 1772లో రాసింది బెంగాల్ గురించి. పట్టు దారం తీసేవాళ్లు బలవంతపు పని తప్పించుకోవడానికి తమ వేళ్లు తామే కోసుకున్నారని. నరికారని కాదు. నాకైతే తామే కోసుకోవడం ఇంకా ఘోరంగా అనిపిస్తుంది. చెయ్యే బతుకైనవాడు ఆ చెయ్యి వదులుకున్నాడంటే ఎంత నలిగి ఉండాలి!

నేను చెప్పాలనుకున్నది ఇది. మా తీరం బట్ట ఇచ్చి మనుషుల్ని కొన్నారు. ఆ మనుషుల పిల్లల పిల్లలు ఏరిన పత్తి లాంకషైర్‌లో బట్ట అయింది. ఆ బట్ట మా తీరానికొచ్చి మా మగ్గాల్ని ఆపింది. నర్సాపురం పక్క మాధవాయపాలెం పేరుతో మడపొల్లం అనే మెత్తటి తెల్ల బట్ట ప్రపంచమంతా తెలుసు. చివరికి ఆ పేరుతో బట్ట నేసింది ఇంగ్లండు మిల్లులే. మా తాతకి ఇవేవీ తెలియవు. నాకు తెలిశాక రుమాలు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా అటు చివర ఎవరున్నారో అని ఆలోచన వస్తుంది.

నైజీరియాలో కలబారి ప్రజలు ఈ రుమాళ్ల గళ్లలోంచి కొన్ని పోగులు కోసి లాగేసి కొత్త డిజైన్ చేసుకుంటారు. పుట్టుకకీ, పెళ్లికీ, చావుకీ అదే బట్ట. మేం నేసింది సరిపోక వాళ్ల చేత్తో వాళ్లది చేసుకున్నారు. అది చదివినప్పుడు మాత్రం చాలా సంతోషమేసింది.


గణాంకం
సోమవారం, మధ్యాహ్నం 2:35

చీరాల అన్నా, చాలా బాగా రాశారు. ఒక చిన్న చేర్పు. మగ్గాలు అన్నిచోట్లా ఒక్కసారే ఆగలేదు. నూలు వడికే ఆడవాళ్ల పని ముందు పోయింది, మిల్లు నూలు చవక కాబట్టి. నేతగాళ్లు ఆ మిల్లు నూలు కొని నేస్తూ చాలాకాలం నిలబడ్డారు. రాట్నం కోల్పోయిన ఆడవాళ్ల గురించి మనం రాసుకున్నది చాలా తక్కువ.


నల్లరేగడి
సోమవారం, రాత్రి 8:05

మొత్తం అమ్మాయికి చదివి వినిపించాను. చీరాల అన్న రాసిన దగ్గర మా అమ్మ కూడా వచ్చి కూర్చుంది. అమ్మాయికి ఇంకో రెండు ప్రశ్నలు మిగిలాయి. ఒకటి, బానిసత్వం పోయాక ఆ చేలల్లో ఎవరు ఏరారు? రెండు, ఏరిన వాళ్ల పేర్లు ఎక్కడైనా రాసి ఉన్నాయా?


పడుగుపేక
సోమవారం, రాత్రి 9:20

మొదటిదానికి నేను చెప్తాను. వాళ్లే ఏరారు. 1865 జనవరిలో ఉత్తరాది సైన్యం జనరల్ షెర్మన్ తీరప్రాంతపు నేలని విడుదలైన బానిసలకి కుటుంబానికి 40 ఎకరాల దాకా ఇమ్మని ఉత్తర్వు ఇచ్చాడు. లింకన్ హత్య తర్వాత వచ్చిన అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ అదే ఏడాది ఆ నేలని చాలావరకు పాత యజమానులకి తిరిగి ఇచ్చేశాడు. నేల లేనివాళ్లు పాలికి దున్నారు. విత్తనం, ఎద్దు, తిండి అన్నీ అప్పు. పంట తూకం వేసి, అప్పు మినహాయించి, ఏం మిగల్లేదని చెప్పేవాళ్లు. 1870ల చివరికి పత్తి పంట యుద్ధానికి ముందున్న స్థాయిని దాటింది.

నల్లరేగడి గారూ, ఇది చదివితే మన షావుకారు అప్పు గుర్తొస్తుంది. రెండూ ఒకటే అని మాత్రం అమ్మాయికి చెప్పకండి. అప్పులో ఉన్న తల్లి ఒడిలోంచి బిడ్డని తీసుకెళ్లి అమ్మే హక్కు చట్టం ఎవరికీ ఇవ్వదు. బానిసత్వంలో ఇచ్చింది.

ఆమె మొదటి ప్రశ్నకి మిగిలిన ముక్క కూడా ఇక్కడే ఉంది. పత్తి ఏరే యంత్రం బాగా పనిచేస్తుందని చూపించింది 1944లో, మిసిసిపీలోని క్లార్క్స్‌డేల్ దగ్గర. విత్తడం నుంచి బేలు కట్టడం దాకా మొత్తం యంత్రాలతో చేసిన పంట అది. గింజ తీసే యంత్రం వచ్చిన 150 ఏళ్లకి. ఆమె అనుకున్నట్టు కూలీల్ని తగ్గించిన మెషిన్ అదీ. అప్పటికే ఉత్తరాదికి వలస వెళ్తున్న లక్షల కుటుంబాలకి, ఆ తర్వాత చేలల్లో పని కూడా లేకపోయింది.


మిసిసిపీ ఒడ్డు
మంగళవారం, ఉదయం 6:30

రెండోది నాకు వదిలేయండి మాస్టారూ.

ఉన్నాయి తల్లీ, కొన్ని. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసలకి వేరే కాగితాలు పెట్టారు. అందులో యజమాని పేరు ఉంటుంది, దాని కింద వయసు, ఆడా మగా, రంగు. పేరు గడి లేదు. ఒక పేజీ నిండా మనుషులుంటారు, ఒక్కరి పేరూ ఉండదు. వాళ్లలో ఎక్కువమంది పేర్లు, ఇంటిపేర్లతో సహా, మొదటిసారి 1870 లెక్కల్లో కనిపిస్తాయి.

ఇంకోచోట కూడా ఉన్నాయి. తోటల ఖాతా పుస్తకాల్లో. అచ్చువేసిన పుస్తకాలు అమ్మేవాళ్లు, సోమవారం నుంచి శనివారం దాకా గడులు, ఎడమపక్క పేరు. ఇంటిపేరు ఉండదు, ఒక్క పేరే. ఒక లైబ్రరీలో అలాంటి పేజీ చూశాను. పేరు పక్కన ఏ రోజు ఎన్ని పౌన్లు ఏరారో వరసగా అంకెలు. ఒకామె పేరు ఎదురుగా గురువారం, శుక్రవారం గడులు ఖాళీగా ఉన్నాయి. శనివారం మళ్లీ అంకె ఉంది. ఆ రెండు రోజులు ఏమైందో పుస్తకంలో రాయలేదు. జ్వరమో, కాన్పో.

అమ్మాయికి ఆ పేజీ చూపించాలంటే చెప్పండి అన్నా, ఈసారి వెళ్లినప్పుడు అడిగి ఫోటో తీసి పంపుతా. సమయం చెప్తే ఆమెతో వీడియో కాల్‌లో చదువుతాను, పేర్లన్నీ.


నల్లరేగడి
మంగళవారం, రాత్రి 7:50

ఆదివారం పొద్దున అయితే ఇంట్లోనే ఉంటాం అన్నా. అమ్మాయి నోట్‌బుక్‌లో అప్పుడే గడులు గీసి పెట్టుకుంది.